ఓటర్ల జాబితా వేరు, మంద పట్టిక వేరు: ఒక లూథరన్ సంఘం కేస్ స్టడీ

అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న పట్నం. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన జర్మన్ రైతులు కట్టుకున్న లూథరన్ చర్చి. పాత పాస్టర్‌గారు రిటైరయ్యాక కొత్త కాపరిని పిలవడానికి సంఘం సభ పెట్టుకుంది. రహస్య బ్యాలెట్‌లో 92 ఓట్లు పడ్డాయి. అనుకూలంగా 61, వ్యతిరేకంగా 31. సభకు వచ్చి ఓటేసినవాళ్లలో కనీసం మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే పిలుపు చెల్లుతుందని వాళ్ల నియమావళి. 92లో మూడింట రెండు వంతులంటే 61.33. అంటే 62 కావాలి. ఒక్క ఓటు తక్కువైంది.

ఓడిన పక్షం ఆ సాయంత్రానికే లెక్కలు తీసింది. ఓటేసినవాళ్లలో ఏడుగురికి అసలు ఓటే లేదని ఒక మాట. ఓటున్న ఒక పెద్దావిడను తలుపు దగ్గరే ఆపేశారని ఇంకో మాట. ఇవి నిజమో కాదో తేల్చడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఎందుకంటే ఆ సంఘంలో ఎవరికి ఓటుందో చెప్పే జాబితా అంటూ ఒకటి లేనే లేదు.

నేను ఆంధ్రాలో లూథరన్ కాపరిగా పనిచేసి ఇటు వచ్చినవాణ్ణి. కాపరి లేని సంఘాలకు సినడ్ (చర్చి ప్రాంతీయ పాలక విభాగం) తరఫున తాత్కాలికంగా వెళ్తుంటాను. ఓటు గొడవలు చాలా చోట్ల చూశాను గానీ, సభ్యత్వం అంటే ఏమిటన్న ప్రశ్న ఇంత సూటిగా తగిలిన చోటు ఇదొక్కటే. అందుకే రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టకుండా ఊరి వివరాలు, కుటుంబాల వివరాలు, కొన్ని అంకెలు మార్చాను. ఒక్క ఓటు తేడా మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఈ సంఘం ఎవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికాకు చెందినది. 1988లో మూడు లూథరన్ సంస్థలు కలిసి ఏర్పడిన చర్చి ఇది. ఆ మూడింటిలో ఒకదాని పొట్టి పేరు కూడా ఎ.ఇ.ఎల్.సి. అనే ఉండేది. గుంటూరు ఎ.ఇ.ఎల్.సి.కీ (ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చికీ) దానికీ సంబంధం లేదు. పాత కాగితాలు తిరగేస్తుంటే మాత్రం ఆ నాలుగక్షరాలు చూసి నాకు ఇంటి పేరు కనబడ్డట్టు ఉండేది.

మన దగ్గర కాపరికి బదిలీ ఉత్తర్వు వస్తుంది, ఆయన సామాను సర్దుకుని వస్తాడు, సంఘం దండ వేసి ఆహ్వానిస్తుంది. ఇక్కడ అలా కాదు. బిషప్‌గారు పేర్లు సూచిస్తారు, సలహా ఇస్తారు. పిలవాల్సింది సంఘమే. బడ్జెట్ ఆమోదించేది, కౌన్సిల్‌ను ఎన్నుకునేది, కొత్త కప్పు వేయించాలా వద్దా తేల్చేది కూడా సంఘ సభే. కౌన్సిల్ ప్రెసిడెంట్‌గా సాధారణంగా కాపరి కాకుండా ఒక మామూలు విశ్వాసి ఉంటారు. అంత అధికారం సభ చేతిలో ఉన్నప్పుడు సభలో ఎవరు కూర్చోవచ్చు, ఎవరు చెయ్యెత్తవచ్చు అన్నది చిన్న సంగతి కాదు.

ఆ చర్చి సంఘాలన్నిటికీ ఒక నమూనా నియమావళి ఉంది. అందులో నక్షత్రం గుర్తున్న నిబంధనలను ఏ సంఘమూ మార్చుకోకూడదు. సభ్యుల తరగతులు కూడా అందులోనే రాసి ఉన్నాయి. ఈ సంఘంలో బాప్తిస్మం పొందినవాళ్లు, వేరే చోట పొంది బదిలీ పత్రంతోనో విశ్వాసాన్ని తిరిగి ఒప్పుకునో చేరినవాళ్లు బాప్తిస్మం పొందిన సభ్యులు. పసిబిడ్డ కూడా ఇందులో సభ్యుడే. వాళ్లలో కన్ఫర్మేషన్ (పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్లు ఎదిగాక తమ నోటితో విశ్వాసాన్ని ఒప్పుకునే ఆరాధన) అయినవాళ్లు, పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నవాళ్లు కన్ఫర్మ్‌డ్ సభ్యులు. కన్ఫర్మ్ అయినవాళ్లలో ఈ ఏడాదిలో గానీ పోయిన ఏడాదిలో గానీ ఈ సంఘంలో ప్రభు భోజనం (ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షారసం) తీసుకుని, రికార్డుకెక్కిన కానుక ఇచ్చినవాళ్లకే ఓటు. ఇవి కాక అసోసియేట్ సభ్యులని ఇంకో తరగతి ఉంది. వేరే సంఘంలో సభ్యత్వం ఉంచుకుంటూనే ఇక్కడి జీవితంలో పాలుపంచుకునేవాళ్లు వీళ్లు. వీళ్లకు అన్నీ ఉంటాయి, ఓటు, కౌన్సిల్ పదవి మాత్రం ఉండవు.

చదివితే స్పష్టంగానే ఉంటుంది. కానీ ఈ సంఘం పట్టికలో బాప్తిస్మం పొందిన సభ్యులు నాలుగు వందల పైచిలుకు. ఆదివారం ఆరాధనకు వచ్చేది డెబ్భై, ఎనభై మంది. మధ్యలో ఉన్న మూడొందల మందీ ఎవరు, ఎక్కడున్నారు, ఏ తరగతిలోకి వస్తారు అన్నది పాత పాస్టర్‌గారి జ్ఞాపకంలో మాత్రమే ఉండేది. ఆయన ముప్పై ఏళ్లకు దగ్గరగా ఇక్కడే ఉన్నారు. సంస్కారం, అంటే ప్రభు భోజనం, తీసుకున్నవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాయడం ఎప్పుడో ఆగిపోయింది. కాపరి ఆ లెక్క ఉంచాలి, కౌన్సిల్ ఏటా సభ్యుల పట్టిక చూసుకోవాలి అని నియమావళిలో ఉంది. అందరినీ పేరుపేరునా ఎరిగిన కాపరి ఉన్నంతకాలం ఆ అవసరం ఎవరికీ తోచలేదు. ఆయన వెళ్లిపోయాక, వచ్చిన మొదటి పెద్ద ఓటింగ్‌లోనే అది బయటపడింది.

గొడవ ఎక్కడ

వివాదం నాలుగు చోట్ల ఉంది.

సంఘాన్ని స్థాపించిన కుటుంబాల్లో ఒకటి దూరంగా వేరే నగరంలో స్థిరపడింది. ఏటా మే నెలాఖరున మెమోరియల్ డేకి వచ్చి, పెద్దల సమాధుల మీద పూలు పెట్టి, శ్మశానం ఫండుకు చెక్కు రాసి వెళ్తారు. ఓటింగ్ రోజున వాళ్లు ఐదుగురు వచ్చారు, ఓటేశారు. శ్మశానం ఫండు విడిగా రిజిస్టరైన సంస్థది. దానికిచ్చిన డబ్బు సంఘానికిచ్చిన కానుక అవుతుందా?

రెండోది, తలుపు దగ్గర ఆపేసిన ఆ పెద్దావిడ. విధవరాలు, ఎనభై దాటాయి. ప్రతి ఆదివారం వస్తుంది. ఐదు డాలర్ల నోటును నాలుగు మడతలు పెట్టి కానుక పళ్లెంలో ఒక మూలకి జారుస్తుంది. ఎవరిచ్చారో రాసుకోవడానికి నంబరున్న కానుక కవర్లు ఇస్తే తీసుకోదు. ట్రెజరర్ దగ్గర ఆమె పేరు మీద పదేళ్లుగా ఒక్క డాలరూ లేదు. ఆ రోజు తలుపు దగ్గర నిలబడి జనాన్ని లోపలికి పంపే అషర్ చేతిలో ఉన్నది ట్రెజరర్ ఇచ్చిన కాగితమే.

మూడోది, కన్ఫర్మేషన్ అయిన పదిహేనేళ్ల పిల్ల. ఆమెను ఓటేయనిచ్చారు, అదీ తప్పేనని కొందరి వాదన. నియమావళి చూస్తే వయసు షరతు లేదు. పిల్ల సంస్కారం తీసుకుంది, తన పేరు మీద కవర్ వేసింది. ఇది ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

నాలుగోది మనవాళ్లే. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ దంపతులు. ఇద్దరూ ఓటేశారు. వాళ్ల సంగతి తర్వాత.

ఈ చర్చిల్లో సభ నడిపే పద్ధతికి రాబర్ట్స్ రూల్స్ అనే అమెరికన్ పుస్తకం ప్రమాణం. దాని ప్రకారం ఓటు లేనివాళ్లు రహస్య బ్యాలెట్ వేసి, ఆ ఓట్లు ఫలితాన్ని మార్చగలిగేటన్ని ఉంటే ఆ ఓటింగ్ చెల్లదు, మళ్లీ పెట్టాలి. ఏ కాగితం ఎవరిదో ఇక విడదీయలేం కదా. కాబట్టి 61 ఓట్లతో గెలిచినట్టూ చెప్పలేం, ఓడినట్టూ చెప్పలేం. నేను వెళ్లేసరికి ఆ అభ్యర్థి వేరే సంఘం పిలుపును ఒప్పుకున్నారు. సంఘానికి అది దెబ్బే. కానీ నాకు కావలసిన సావకాశం దానివల్లే దొరికింది. బల్ల మీద అభ్యర్థి పేరంటూ ఉంటే, జాబితాలో ప్రతి పేరునూ జనం అనుకూలమా వ్యతిరేకమా అనే చూస్తారు. పేరు లేని కాలంలోనే జాబితా రాసుకోవాలి. అందుకే కొత్త అభ్యర్థుల పేర్లు కొన్ని నెలలు పంపవద్దని బిషప్‌గారి ఆఫీసును అడిగాను. కొందరు కౌన్సిల్ సభ్యులకు ఆ ఆలస్యం నచ్చలేదు.

చేసి చూసినవి, బెడిసికొట్టినవి

నేను రాకముందే కౌన్సిల్ ఒక ఉత్తరం పంపింది. రెండేళ్లుగా సంస్కారం తీసుకోనివాళ్లు, కానుక ఇవ్వనివాళ్లు ముప్పై రోజుల్లో జవాబు రాయకపోతే పేరు పట్టికలోంచి తీసేస్తామని సారాంశం. చట్టపరంగా చూస్తే తప్పేమీ లేదు. వరుసగా గైర్హాజరైనవాళ్ల పేరు తొలగించే వీలు నియమావళిలో ఉంది. కానీ వచ్చిన జవాబులు చూడాలి. ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఒక మేనకోడలు రాసింది: పాత పాస్టర్‌గారు వెళ్లాక మా అత్త దగ్గరికి రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని ఒక్కరూ రాలేదు, ఆవిడ సంస్కారం తీసుకోలేదని మీరే ఉత్తరం రాస్తున్నారా?

ఆ ఉత్తరం కౌన్సిల్‌లో చదివినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. లెక్క అడగబోయినవాళ్లే లెక్క చెప్పాల్సివచ్చింది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఊళ్లో జనం దాన్ని పట్టికలోంచి తీసేయడం అనుకోలేదు, సంఘంలోంచి వెలివేయడం అనుకున్నారు. లూథరన్ బోధ ప్రకారం బాప్తిస్మం దేవుని పని. కౌన్సిల్ తీర్మానం దాన్ని రద్దు చేయలేదు. ఓటు మాత్రం మనుషులు మంచి క్రమం కోసం పెట్టుకున్న ఏర్పాటు. ఒకే పట్టికలో రెండింటినీ కలిపి ఉంచితే, ఓటు తీయబోయిన చెయ్యి బాప్తిస్మం మీద పడినట్టు ఉంటుంది. పేరు తొలగించినవాళ్లు కూడా సంఘం శ్రద్ధ చూపాల్సిన మనుషులుగానే ఉంటారని అదే నియమావళిలో ఒక వాక్యం ఉంది. ఆ ఉత్తరంలో ఆ వాక్యం ఎక్కడా లేదు.

రెండో ప్రయత్నం ట్రెజరర్‌గారిది. ఆయన రిటైరైన అకౌంటెంట్, మనిషి నిక్కచ్చి. కంప్యూటర్‌లోంచి రెండేళ్ల కానుకల జాబితా తీసి, అదే ఓటర్ల జాబితా అన్నారు. ఒక ముసాయిదాగా పనికొస్తుందని చూశాం. తీరా చూస్తే కవర్లు ఇంటికొకటి, ఇంటాయన పేరు మీదే. కాబట్టి ఆడవాళ్లలో సగం మంది మాయం. అందులో కౌన్సిల్ సెక్రటరీ కూడా ఒకరు. ఆమె ఆ కాగితం ఆయన ముందు పెట్టి, "అయితే ఈ సభ మినిట్స్ ఎవరు రాస్తున్నట్టు?" అని అడిగారు.

ఇంకో సంగతి, ఎవరెంత ఇచ్చారన్నది ఆ కాగితంలో కనిపిస్తుంది. ఓటు ప్రశ్నకు కావలసింది ఇచ్చారా లేదా అన్నదే. ఎంత అన్నది ఒకసారి బయటికొస్తే ఆ మాట ఊళ్లో ఏళ్ల తరబడి తిరుగుతుంది.

మూడో ప్రతిపాదన విసుగులోంచి పుట్టింది. ఈ తలనొప్పంతా ఎందుకు, బాప్తిస్మం రిజిస్టర్‌లో పేరున్న ప్రతి పెద్దమనిషికీ ఓటిచ్చేద్దాం అన్నారు. వినడానికి ఉదారంగా ఉంది. కానీ నక్షత్రం గుర్తున్న నిబంధనను సంఘం సొంతంగా సడలించలేదు. ఒకవేళ వీలున్నా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇరవై ఏళ్లుగా గుమ్మం తొక్కనివాళ్లు వచ్చి, ఆదివారం పూట కుర్చీలు సర్దే మనిషికి కాపరి ఎవరో నిర్ణయించడం న్యాయం అనిపించదు.

ఎవరి చర్చి?

జాబితా జోలికి వెళ్లేముందు ఒక సాయంత్రం కౌన్సిల్‌ను కూర్చోబెట్టాను. "మా తాత కట్టిన చర్చి" అన్న మాట ప్రతి మీటింగ్‌లోనూ వస్తోంది. దానికి జవాబు చెప్పకుండా ఏ జాబితా పెట్టినా నిలవదు.

లూథరన్ల మూల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు ఏడో అధికరణం చదివాం. సువార్త శుద్ధంగా బోధించబడి, సంస్కారాలు సరిగా జరిగే పరిశుద్ధుల కూడికే సంఘం అని అందులో ఉంది. కట్టిన తాత ఊసు లేదు, చందా ఊసూ లేదు. తర్వాత లైస్‌నిగ్ సంగతి చెప్పాను. సాక్సనీలో ఆ చిన్న పట్నపు సంఘానికి కాపరిని నియమించే హక్కు ఒక మఠాధిపతి చేతిలో ఉండేది. సంఘం తామే కాపరిని ఎన్నుకుంటామంది. 1523లో లూథరన్ శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ వాళ్ల పక్షాన రాశాడు. బోధను పరీక్షించే హక్కు, కాపరిని పిలిచే హక్కు కూడివచ్చిన సంఘానిదని వాదించాడు. ఆ ఏడాదే ఆ సంఘం ఉమ్మడి ధర్మనిధి పెట్టుకుని, దాన్ని చూసుకోవడానికి మనుషుల్ని ఎన్నుకుని, లెక్కలు సంఘానికి చెప్పాలని కట్టుబాటు చేసుకుంది.

ఇదంతా చరిత్ర పాఠం కోసం చెప్పలేదు. పిలిచే హక్కు వాక్యం చుట్టూ, ప్రభు భోజనపు బల్ల చుట్టూ కూడేవాళ్లదైతే, ఓటుకు సంస్కారం షరతు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. కానుక షరతు దాని పక్కన ఎందుకుందో కూడా తెలుస్తుంది: నిర్ణయించేవాడు భారంలో ఒక చెయ్యి వేసి ఉండాలి. ఎంత అన్నది రాయకపోవడం కూడా తెలిసే చేశారని నా అభిప్రాయం. స్థాపక కుటుంబపు మనిషి ఒకాయన కౌన్సిల్‌లో ఉన్నారు. చివర్లో ఆయన అడిగారు, "అయితే మా వాళ్లు వచ్చి సంస్కారం తీసుకుని ఒక డాలర్ వేస్తే ఓటొచ్చేసినట్టేనా?"

వచ్చేసినట్టే అన్నాను.

డాలర్ కవర్లు

రెండు వారాలకే ఒక ఆదివారం ఆ కుటుంబం పదకొండు మందితో దిగింది. మూడు బెంచీలు నిండాయి. అందరూ బల్ల దగ్గరికి వచ్చారు, అందరూ పేరు రాసిన కవర్లు వేశారు. లెక్కపెట్టినప్పుడు కవర్‌కి ఒక్క డాలర్. ట్రెజరర్‌గారి ముఖం కందగడ్డ అయింది. దీన్ని ఆపే తీర్మానం చేయాలి, ఆరు నెలల హాజరు షరతు పెట్టాలి అని పట్టుబట్టారు.

నేను ఒప్పుకోలేదు. నియమావళి పెట్టని షరతు కౌన్సిల్ పెట్టకూడదన్నది ఒక కారణం. అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. బల్ల దగ్గర మోకరించినవాణ్ణి నువ్వు ఏ ఉద్దేశంతో వచ్చావని అడిగే పని మొదలుపెడితే, అది వాళ్లతో ఆగదు. చేతులు చాపినవాళ్లకు రొట్టె ఇవ్వడమే నా పని. వాళ్ల మనసులో ఓటుందో పశ్చాత్తాపం ఉందో నాకు కనబడదు. ఎవరైనా బహిరంగ పాపంలో ఉంటే మత్తయి సువార్త 18లో చెప్పిన మెట్లున్నాయి, ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. ఓటు కోసం చర్చికి రావడం ఆ కోవలోకి రాదు.

అయితే ఒక గడువు పెట్టవచ్చు. జాబితా ఫలానా తేదీతో ముగుస్తుంది, ఆ తర్వాతే అభ్యర్థి పేరు బయటపెడతాం అని. ఎవరికి ఓటేయాలో తెలియకముందే వచ్చి చేరేవాళ్లు తక్కువ. గడువు తర్వాత అర్హత సంపాదించినవాళ్ల ఓటు తీసేయలేం గనుక, వాళ్ల పేర్లు సభ రోజున అనుబంధంగా చదవాలని కూడా రాసుకున్నాం. ట్రెజరర్‌గారు సగం ఒప్పుకున్నారు.

నాలుగు మడతల నోటు

పెద్దావిడ ఇంటికి నేనూ ఒక కౌన్సిల్ సభ్యురాలూ వెళ్లాం. కాఫీ పోసింది. కవర్ మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపింది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని వాళ్లమ్మ నేర్పిందట. "నేనిచ్చేది దేవుడికి, కంప్యూటర్‌కి కాదు" అంది.

మత్తయి 6 ముందు పెట్టి ఎదురు నిలబడ్డ మనిషితో నియమావళి చదివి వాదించలేం. కాబట్టి ఆమె కానుకను రికార్డు చేయమని అడగలేదు. ఏడాదికి ఒక్కసారి, ఒక కవర్ మీద పేరు రాసి అందులో ఎంతైనా సరే పెట్టమన్నాను. అది కానుక అనుకోవద్దు, నేనూ ఈ ఇంట్లో ఉన్నానని చేసే సంతకం అనుకోమన్నాను. కాసేపు ఆలోచించి, "ఒక డాలర్ సరిపోతుందా?" అంది. మరుసటి ఆదివారం ఆమె కవర్ వచ్చింది, ఒక డాలర్‌తో. దాని పక్కనే, మామూలుగానే, మడత నోటు.

ఈ రెండు రకాల డాలర్ కవర్లూ లెక్క పుస్తకంలో ఒక్కలాగే కనిపిస్తాయని ట్రెజరర్‌గారితో అన్నాను. ఆయన నవ్వలేదు. తర్వాత ఆరు నెలల హాజరు షరతు మాట మళ్లీ ఎత్తలేదు.

మన తెలుగు కుటుంబం

వీళ్ల కేసు నాకు చట్టంకన్నా మనసుకు కష్టమైంది. నాలుగేళ్లుగా వస్తున్నారు, కవర్ తప్పకుండా వేస్తారు, పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చే విందు) అంటే వాళ్ల పులిహోర గిన్నె ముందు ఖాళీ అవుతుంది. కానీ ఊళ్లో చర్చి నుంచి బదిలీ పత్రం ఎప్పుడూ తెచ్చుకోలేదు. అక్కడ పేరు అలాగే ఉంది, ఏటా చందా పంపుతున్నారు.

"అయ్యగారూ, రెండు చోట్లా పేరుంటే తప్పేముంది? రెండూ లూథరన్ చర్చిలే కదా," అన్నాడు అతను.

"తప్పని కాదు బాబూ. రెండు చోట్లా ఓటుంటేనే చిక్కు. ఇక్కడ మీలాంటివాళ్ల కోసమే అసోసియేట్ సభ్యత్వం ఉంది."

అతనికి అది సెకండ్ క్లాస్ టికెట్‌లా వినిపించింది. ఊళ్లో పేరు తీయించుకోవడం అతనివల్ల కాదు. తాత ఉపదేశిగా (పల్లెలో బోధ చెప్పే సేవకుడిగా) చేసిన సంఘం అది. పేరు తీసేస్తే రేపు అమ్మానాన్నల సమాధుల దగ్గర నిలబడే హక్కు పోతుందన్నంత భయం. నేను ఆ ప్రాంతంవాణ్ణే కాబట్టి అది నాకు వివరించనక్కర్లేదు. పల్లెకు పల్లె, కుటుంబానికి కుటుంబం బాప్తిస్మం తీసుకున్న చరిత్ర మనది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టాక పుట్టిన సంఘాలు. రిజిస్టర్‌లో పేరంటే మనకు వంశం, పెళ్లి, సమాధి అన్నీ కలిపి ఒక కట్ట. ఓటు ఆ కట్టలో ఎక్కడో అడుగున ఉంటుంది. ఇక్కడివాళ్ల శ్మశానం కుటుంబాన్ని విమర్శించే ముందు మనం ఇది గుర్తుపెట్టుకోవాలి. కౌన్సిల్‌లో ఉన్న ఆ స్థాపక కుటుంబపు మనిషి బాధా ఇదే.

ఆమె అడిగిన ప్రశ్న వేరు. "మరి మా పిల్లలిద్దరికీ బాప్తిస్మం ఇక్కడే ఇచ్చారు కదండీ అయ్యగారూ. పిల్లలు ఈ సంఘం సభ్యులు, మేము మాత్రం చుట్టాలమా?"

నిజమే, నియమావళి ప్రకారం సరిగ్గా అలాగే ఉంది. కొన్ని వారాలు ఇద్దరూ మాట్లాడుకున్నారు. చివరికి ఆమె ఊరికి ఫోన్ చేసి బదిలీ పత్రం అడిగింది. ముందు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, అసలు కాగితం పోస్టులో వచ్చాక కౌన్సిల్ ఆమోదించింది. అతను అసోసియేట్‌గా ఉండిపోయాడు. ఒకే ఇంట్లో భార్యకు ఓటు, భర్తకు లేదు. కౌన్సిల్‌లో కొందరికి ఇది వింతగా తోచింది. నాకైతే ఎవరి మనసు ఎక్కడుందో అలాగే కాగితం మీద పెట్టినట్టనిపించింది. మొదటి ఓటింగ్‌లో వాళ్లు వేసిన రెండు ఓట్లకు మాత్రం ఇద్దరికీ అప్పట్లో అర్హత లేనట్టే. ఆ మాట వాళ్లకు నేనే చెప్పాను.

కుదిరిన పద్ధతి

కౌన్సిల్ పట్టికను రెండుగా విడదీసింది. మొదటిది మంద పట్టిక: బాప్తిస్మం పొందిన ప్రతి సభ్యుడూ, అసోసియేట్లూ, దూరమైపోయినవాళ్లూ అందరూ ఇందులో ఉంటారు. దీన్ని వీధులవారీగా పంచి ఒక్కో కౌన్సిల్ సభ్యుడికి కొన్ని ఇళ్లు అప్పగించారు. ఎవరైనా ఇంటికి వెళ్లి మాట్లాడకుండా ఒక్క పేరూ కొట్టేయకూడదన్నది కట్టుబాటు. రెండోది ఓటర్ల జాబితా. ఇది ఏటా కొత్తగా రాస్తారు, ఆ ఏడాది గడిస్తే చెల్లిపోతుంది. ఇందులో పేరు లేకపోవడం శిక్ష కాదు, వచ్చే ఏడాది మళ్లీ ఉండొచ్చు.

రుజువు సంగతి ఎక్కువ సమయం తీసుకుంది. ప్రతి బెంచీ వెనక చిన్న కార్డులు పెట్టారు, సంస్కారం తీసుకున్నవాళ్లు పేరు రాసి పళ్లెంలో వేస్తారు. గడిచిన కాలానికి రికార్డు లేదు కాబట్టి, సభ్యుడు తాను తీసుకున్నానని చెబితే ఇంటికి వెళ్లిన కౌన్సిల్ సభ్యుడు ఆ మాట రాసుకుంటే చాలు. ఈ సడలింపు ఒక్క ఏడాదికే. ఒక సంఘపెద్ద అభ్యంతరం చెప్పారు: అబద్ధం చెబితే? చెబితే చెప్పారు. మన రికార్డు లేకపోవడం వాళ్ల తప్పు కాదు, ఆ అనుమానం మూల్యం మనమే భరించాలి. దంపతులు కలిపి ఇచ్చే కవర్ కన్ఫర్మ్ అయిన ఇద్దరి పేరా లెక్క. ఈ అన్వయం సరైనదేనా అని సినడ్ ఆఫీసును అడిగి రాసిపెట్టుకున్నాం. శ్మశానం ఫండు చెక్కు లెక్కలోకి రాదు, ఎందుకంటే అది వేరే సంస్థ ఖాతాలో పడుతుంది. ట్రెజరర్ కౌన్సిల్‌కు ఇచ్చేది పేరు, పక్కన అవును లేదా కాదు. అంకె ఇవ్వరు.

ఇళ్లకే పరిమితమైనవాళ్ల దగ్గరికి సంస్కారం తీసుకెళ్లడానికి ఆరుగురికి తర్ఫీదు ఇచ్చాం. వాళ్లు వెళ్లిన తేదీ రాస్తారు. నర్సింగ్ హోమ్‌లో ఉన్న ఆ అత్తగారి పేరు మొదటి పేజీలోనే ఉంది. కానీ ప్రాక్సీ ఓటు (ఒకరి తరఫున ఇంకొకరు వేసేది), పోస్టల్ ఓటు ఈ నియమావళిలో కుదరవు. అర్హత ఉన్నా సభకు రాలేకపోతే ఓటు లేదు. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు.

జాబితా సిద్ధమయ్యాక హాల్లో కాఫీ బల్ల పక్కన రెండు ఆదివారాలు అతికించారు. అభ్యంతరాలు కాగితం మీద, సంతకంతో. నోటిమాట చెల్లదు. గోల పెట్టినంతమంది రాయలేదు.

తర్వాత

కొత్త అభ్యర్థి పేరు వచ్చింది, రెండు ఆదివారాలు ప్రకటించి, ఉత్తరాలు పంపి సభ పెట్టారు. తలుపు దగ్గర జాబితా, పక్కన రెండు పక్షాల నుంచీ ఒక్కో మనిషి. పిలుపు మూడింట రెండు వంతులకు బాగా పైనే నెగ్గింది. అంతకంటే నాకు నచ్చింది, వ్యతిరేకంగా ఓటేసినవాళ్లలో ఒక్కరూ జాబితా తప్పని అనలేదు. కాపరి నచ్చలేదని మాత్రం గట్టిగానే అన్నారు, ఆ మాట అనే హక్కు వాళ్లకుంది. రెండు కుటుంబాలు వేరే లూథరన్ చర్చికి వెళ్లిపోయాయి, బదిలీ పత్రం అడిగి తీసుకుని మరీ. డాలర్ కవర్ల పదకొండు మందిలో ఇద్దరు ఇప్పటికీ నెలకోసారి వస్తున్నారని విన్నాను. మిగతావాళ్లు మే నెలలో కనిపిస్తారు.

మన సంఘాల పెద్దలకు

సంఘ ఎన్నికల ఓటర్ల జాబితాలు కోర్టుల దాకా వెళ్లడం తెలుగు క్రైస్తవులకు కొత్తేమీ కాదు. ఈ కేసులోని నియమావళి మనది కాదు, దాన్ని ఎత్తుకొచ్చి పెట్టనక్కర్లేదు. పనికొచ్చేవి మాత్రం కొన్నున్నాయి. మీ సంఘంలో చందా పుస్తకం ఎవరి పేరు మీద ఉందో ఒకసారి చూడండి. ఇంటాయన పేరు ఒక్కటే ఉంటే, ఆడవాళ్ల సభ్యత్వం ఆ పుస్తకంలో కనిపించదు. పిడికిటి బియ్యం, కోడి, మొదటి పంట తెచ్చిచ్చేవాళ్లు రికార్డులో ఉన్నారా? హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిన పిల్లల పేర్లు ఏ తరగతిలో ఉన్నాయి, క్రిస్మస్‌కు వచ్చి ఓటేయవచ్చా? దీనికి జవాబు ఎన్నికల నోటీసు వచ్చాక వెతికితే ఎవరూ నమ్మరు. ఏ ఎన్నికా లేని నెల చూసుకుని కూర్చోండి. జాబితా రాసేవాళ్లలో ఒకరైనా మీతో పడనివాళ్లు ఉండేలా చూసుకోండి.

సంస్కారం తీసుకున్నవాళ్ల పేర్లు రాసే రిజిస్టర్ మన పాత సంఘాల్లో చాలావాటిలో బీరువాలో ఉండే ఉంటుంది. దాన్ని మళ్లీ తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ మిడ్‌వెస్ట్ సంఘంలో ఇంకా తేలనిది ఒకటుంది. నర్సింగ్ హోమ్‌లో ఉన్నవాళ్లను వీడియో ద్వారా సభలో కూర్చోబెట్టవచ్చా అన్నది. సభే వాళ్ల గది దాకా వెళ్తే అది పోస్టల్ ఓటు కాదని సెక్రటరీగారి వాదన. రహస్య బ్యాలెట్ ఎలా కాపాడతారని ట్రెజరర్‌గారు అడుగుతున్నారు. వచ్చే వార్షిక సభ అజెండాలో అది ఉంది.